మాస్టారి సుద్దగీత

ఆ వీధిలో కాజాలక్క అంటే తెలియనివాళ్లు లేరు. గుండీ దూరడానికి చొక్కాకి కోసి కుట్టే చిన్న కన్నం ఉంటుంది చూడండి, ఆ కాజా ఆమె చేత్తో కుడితే చొక్కా చిరగాలి గానీ కాజా చిరగదు. ఆమె భర్త బట్ట కత్తిరిస్తాడు, ఆమె కుడుతుంది. ఆయన్ని అందరూ మాస్టారు అంటారు. ఇంటి ముందు గదే వాళ్ల షాపు. వీధివైపు కత్తిరింపు బల్ల, లోపలి గుమ్మం పక్కన కుట్టుమిషను, గోడకి ఆనించి ఇస్త్రీ బల్ల. రోజంతా ఇద్దరూ ఆ గదిలోనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో పనిచేసుకుంటారు. కానీ ఒక్క మాట మాట్లాడుకోరు.

నిజమేనండీ, ఏళ్ల తరబడి ఒక్క మాట లేదు. కాజాలక్క తల్లి పోయినప్పుడు మాస్టారు వెళ్లలేదు. ఎవరిదో పెళ్లి సూటు మర్నాటికల్లా ఇవ్వాలని, "నువ్వు ముందు బయల్దేరు, నేను వెనకాలే వస్తా" అన్నాడు. రాలేదు. ఆమె తిరిగొచ్చి, "మా అమ్మ కంటే ఆ సూటు ఎక్కువైందా మీకు?" అని అడిగి నోరు మూసుకుంది. తప్పయింది అని ఒక్క ముక్క అనేస్తే పోయేది. అబ్బే, ఆయనకి నామోషీ! రెండ్రోజులు బిగుసుకుని కూర్చున్నాడు, ఆ బిగుసుకోవడమే అలవాటైపోయింది. మొండితనంలో ఇద్దరూ ఇద్దరే.

మరి సంసారం ఎలా నడిచిందంటారా? కూతురుంది కదా. "మీ నాన్నకి చెప్పు, ఉప్పు అయిపోయిందని." "తెస్తానని మీ అమ్మకి చెప్పు." ఆయన అక్కడే ఉంటాడు, మాట చెవిన పడుతూనే ఉంటుంది, అయినా సరే ఆ పిల్ల ఇటు తిరిగి మళ్లీ చెప్పాల్సిందే. అలా ఇద్దరి మాటా మోస్తూనే పెరిగింది. పెళ్లయి వేరే ఊరు వెళ్లేటప్పుడు, "అమ్మయ్య, ఈ ఉద్యోగం ఇంక నావల్ల కాదు, మీరూ మీరూ మాట్లాడుకోండి" అని నవ్వబోయి ఏడ్చేసింది.

వాళ్లు మాట్లాడుకుంటారా! కూతురు వెళ్లాక ఉప్పు అయిపోయిందని చెప్పే దిక్కులేక ఇద్దరూ చప్పిడి తిన్నారు. కోటుకి నల్ల గుండీలా గోధుమరంగువా అని అడగలేక కాజాలక్క తోచినవి కుట్టేసి, మాస్టారి మొహం చూసి అన్నీ విప్పింది. ఆ వారమే గుమ్మం పక్కన "గది అద్దెకివ్వబడును" అని అట్టముక్క వేలాడింది. చేతిలో నాలుగు రాళ్లు ఆడటానికని వీధివాళ్లు అనుకున్నారు. వీళ్లకి కావలసింది నోరున్న మనిషి.

నోరున్న మనిషే దొరికింది. పక్క వీధి బ్యూటీ పార్లర్‌లో పనిచేసే పిల్ల, నిండా పాతికేళ్లుండవు. ఒక్క సూట్‌కేసుతో కూతురి గదిలో దిగింది. మొదటి రోజు "ఆంటీ" అంది, రెండో రోజుకల్లా "అమ్మా" అయిపోయింది. సాయంత్రం రాగానే కాజాలక్క పాదాలు ఒళ్లో పెట్టుకుని పగుళ్లకి క్రీము రాసేది. "చేతులు చూడండమ్మా, ఎంత కష్టపడ్డాయో" అనేది. కన్నకూతురు కూడా ఏనాడూ అలా అనలేదాయె, కాజాలక్క కరిగి నీరైపోయింది. సూదిలో దారం ఎక్కక ఆమె అవస్థపడుతుంటే చూసి, చటుక్కున లాక్కుని ఎక్కించి, "ఎవరికీ చెప్పన్లెండి" అని కన్నుగీటింది కూడా. చూపు తగ్గిందన్న సంగతి కాజాలక్క అప్పటిదాకా ఎవరికీ పొక్కనివ్వలేదు.

ఇంటి వరస ఆ పిల్లకి ఇట్టే పట్టుబడింది. ఒక్క మార్పు మాత్రం తెచ్చింది. కూతురైతే మాటని ఇద్దరి ముందే చెప్పేది. ఈ పిల్ల, "అలా మొహం మీద అరుచుకోవడం ఎందుకమ్మా? నాతో లోపల చెప్పండి, నేను నెమ్మదిగా ఆయన చెవిన వేస్తాగా" అంది. ఎంత మర్యాద! ఇద్దరికీ నచ్చేసింది. ఈమె వంటింట్లో చెబుతుంది, ఆయన కత్తిరింపు బల్ల దగ్గర చెబుతాడు. మధ్యలో ఆ మాట ఏమవుతోందో వినే చెవి లేకుండాపోయింది. ఇంత బుద్ధితక్కువ పని లోకంలో ఇంకెవరైనా చేస్తారా?

మొదట్లో చిన్నచిన్నవే. "మీ గదిలో ఫ్యాను నాకిమ్మన్నారమ్మా మాస్టారు, పార్లర్‌లో ఉడికిపోయి వస్తానని." ఈమె ఇచ్చేసింది. ఆయన దగ్గరేమో అమ్మే ఇచ్చిందని చెప్పుకుంది. ఎవరికీ పోయిందేమీ లేదు. కానీ ఒకరోజు ఆ పిల్ల కళ్లు వాచేలా ఏడ్చి వచ్చింది. పార్లర్ యజమానురాలు కస్టమర్ల ముందు చెడామడా తిట్టిందట. "నాకంటూ ఒక్క కుర్చీ, ఒక్క అద్దం ఉంటే చాలమ్మా, ఇంకొకళ్ల మాట పడక్కర్లేదు" అంది. ఆ ఏడుపు మాత్రం దొంగ ఏడుపు కాదు, కాదని అంటే నా కళ్లు పోతాయి. కాకపోతే, ఆ మర్నాడే ముందు గదిలో నిలబడి గోడకి చేతులు బారచాపి కొలుస్తూ కనిపించింది. "ఇక్కడ అద్దం పెడితే వీధంతా కనబడుతుంది కదమ్మా!" పిచ్చిపిల్ల అని నవ్వుకుని ఊరుకుంది కాజాలక్క.

తర్వాత నాలుగు రోజులకి వంటింట్లోకి వచ్చి, గోడకి చేరబడి గోళ్లు గిల్లుకుంటూ నిలబడింది. "ఎలా చెప్పాలో తెలియట్లేదమ్మా. మాస్టారు అన్నారు... మీ కళ్లు పోయాయట. కుట్టు వంకరలు పోతోందట. తన బట్టంతా పాడవుతోందని, షాపు మూసేస్తే నయమని. నా మీద కోప్పడకండమ్మా, చెప్పమన్నారు, చెప్పాను."

వేరే ఏం అన్నా కాజాలక్క తిప్పికొట్టేది, కానీ కళ్ల మాట నిజమాయె. దాచుకున్నది కనిపెట్టేశాడు! పోనీ తనతో అనచ్చుగా? అదీ లేదు, పరాయి పిల్లతో అనిపించాడు. ఒళ్లు మండిపోయింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. మాటల్లేకపోతేనేం, ఆయన కత్తెర చప్పుడూ ఈమె మిషను చప్పుడూ కలిసి ఆ గదిలో ఇన్నేళ్లూ ఒక కాపురం నడిచింది. ఆ షాపు పోతే ఆ ఇంట్లో వాళ్లిద్దరూ కలిసి కూర్చునే చోటే లేదు. అంత తెలిసీ, పౌరుషం అడ్డమొచ్చి, "అలాగే కానిమ్మను" అంది.

ఆ "కానిమ్మను" ఆయన చెవిలో ఏమని పడిందో గానీ, మర్నాడే జవాబు వచ్చింది. చేతిలో ఉన్న ఒక్క కోటూ అయిపోతే ముందు గది ఆ పిల్ల పార్లర్‌కి ఇచ్చేస్తాడట. ఈమె కూతురి దగ్గరికి వెళ్లి హాయిగా ఉండచ్చట. "మీకు విశ్రాంతి కావాలి కదమ్మా" అంటూ ఆ పిల్ల ఆమె కాళ్లు ఒత్తింది. కాజాలక్క ఆ పూటే పెట్టె దించి చీరలు సర్దడం మొదలుపెట్టింది.

ఆఖరి కోటు మిగిలింది. నల్ల బట్ట. మధ్యాహ్నం మాస్టారు ముక్కలు కత్తిరించి, మడతపెట్టి మిషను మీద ఉంచి, ఇస్త్రీ పెట్టె వేడెక్కించుకుంటున్నాడు. ఈమె కూర్చుని పైముక్క విప్పింది. నల్ల బట్ట మీద నల్ల దారం, ఈ కళ్లతో! ఆఖరిది కూడా వంకరపోతే ఆయన మాటే నెగ్గుతుందని భయపడుతూ బట్టని వెలుతురుకి తిప్పింది.

కుట్టాల్సిన గీత తెల్లగా, లావుగా, కళ్ల ముందు వేలెడు దూరంలో ఉన్నట్టు కనబడింది. కుట్టు మలుపు తిరిగే ప్రతిచోటా ఒక ఇంటూ గుర్తు కూడా ఉంది.

మాస్టారు సుద్దబిళ్లని బ్లేడుతో గీకి గీకి పదును పెట్టి, వెంట్రుకంత గీత గీసే మనిషి. పనికి చేరిన ప్రతివాడినీ, "గీత లావైతే కోత ఎటు పోవాల్రా, లోపలికా బయటికా?" అని చెవి మెలేసిన మనిషి. అలాంటివాడు సుద్దని మొద్దు చేసి గీశాడు! వంగి కత్తిరింపు బల్ల కింద, కోయగా మిగిలిన ముక్కల గోనె లాగింది. పై ముక్కల మీద గీత లావు. చెయ్యి లోపలికి పెట్టి అడుగునున్న ముక్కలు తీసింది. ఇంకా కిందివి తీసింది. కిందికి పోయేకొద్దీ గీత సన్నబడుతూ వచ్చింది, అట్టడుగున వెంట్రుకంత అయింది. ఆ పిల్ల ఇంట్లో అడుగుపెట్టక ముందు కుట్టిన బట్టల ముక్కల మీదే లావెక్కడం మొదలైంది. అంటే ఆమె కళ్ల సంగతి ఆయనకి ఎప్పుడో తెలుసు. తెలిసి, ఎవరితోనూ అనకుండా, సుద్ద అరగదీసుకుంటూ వచ్చాడు. వెళ్లగొట్టాలనుకున్నవాడికి ఇంత అవస్థ దేనికి?

"ఏవండీ" అంది.

మాస్టారు చుట్టూ చూశాడు, గదిలో ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు.

"మిమ్మల్నే. నా కుట్టు వంకరపోతోందన్నారా?"

ఆయన ఇస్త్రీ పెట్టె పక్కకి పెట్టాడు. "నేనా? నేనెప్పుడన్నాను? నువ్వే కదా, ఇక్కడ ఊపిరాడట్లేదు, ఈ మనిషితో నావల్ల కాదు, అమ్మాయి దగ్గరికి పోతానన్నది. షాపు మూసెయ్యమన్నది."

"ఎవరన్నారు?"

ఇద్దరూ ఒకేసారి కూతురి గదివైపు చూశారు.

సాయంత్రం ఆ పిల్ల వచ్చేసరికి ఇద్దరూ ముందు గదిలో కూర్చుని ఉన్నారు. కాజాలక్క స్టూలు ముందుకి జరిపింది. "రామ్మా, కూర్చో. నా గురించి మాస్టారు ఏమన్నారో ఇప్పుడు చెప్పు. ఆయన కూడా వింటారు."

ఆ పిల్ల ఆమెని చూసింది, ఆయన్ని చూసింది. ఒకరితో అమృతంలా మాట్లాడే నోటికి ఇద్దరు ఎదురైతే ఒక్క మాట కూడా పుట్టలేదు. చివరికి, "మీరెలాగూ మాట్లాడుకోరు కదా" అంది, చాలా చిన్నగా. ఎవరూ కేకలెయ్యలేదు. మర్నాడు సూట్‌కేసు తీసుకుని వెళుతుంటే కాజాలక్క ఫ్యాను మాత్రం తీసి పక్కన పెట్టుకుంది. ఆ పిల్ల అన్న మాట ఆమె చెవిలోనే మిగిలిపోయింది.

ఆ పూటే మళ్లీ పని మొదలైంది. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియదు, అలవాటు తప్పింది కదా. కత్తెర ఆడుతోంది, మిషను ఆడుతోంది. మాస్టారు తల ఎత్తకుండానే అన్నాడు:

"మీ అమ్మ పోయినప్పుడు నేను రావాల్సింది."

మిషను ఆగింది. ఇన్నేళ్లూ ఈ మాట వస్తే ఏమేం అడగాలో కాజాలక్క ఎన్నిసార్లు అనుకుందో. ఇప్పుడు ఒక్కటీ గుర్తులేదు. పైట కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"రావాల్సింది" అంది.

ఆయన తలూపాడు. కాసేపటికి కొత్త బట్ట బల్ల మీద పరిచి, సుద్ద పట్టుకుని ఆగాడు.

"ఇంకొంచెం లావుగా గియ్యనా?"

"వద్దు, కనబడుతోంది" అంది కాజాలక్క. "ఉప్పు మాత్రం అయిపోయింది."