నా పేరు మీద రాసిన చీటీ

"ఈ మాత్రలు నీకియ్యకూడదంటప్పా. ఇప్పుడే మీ తమ్ముడొచ్చి రాసిచ్చి పోయినాడు" అన్నాడు ధర్మవరం మందుల షాపు కాంపౌండరు నారాయణప్ప.

మా తమ్ముడు ఓబులేసు చనిపోయి అప్పటికి నలభై రోజులు దాటింది.

దెయ్యాల కబుర్లు నమ్మే మనిషిని కాను. హిందూపురంలో విలేకరిగా ఉన్న రోజుల్లో అలాంటి వార్తలు నా దగ్గరికి చాలా వచ్చేవి. రొళ్ల దగ్గర ఒక బావిలో ఏడుపు వినిపిస్తోందంటే బస్సెక్కి పోయి, అది తుప్పు పట్టిన గిలక చప్పుడని తేల్చి వచ్చాను. ఈ సంగతి మాత్రం తేల్చలేకపోయాను. అందుకే ఇన్నేళ్లు రాయలేదు.

అరవయ్యో దశకం మొదట్లో మాట. మాది పెనుకొండ దగ్గర సేద్యపు కుటుంబం. మెడికల్ కాలేజీలో చేరిన మొదటి ఏడాదే ఓబులేసు ఊరందరికీ డాక్టరైపోయాడు. సెలవులకు వస్తే చాలు, నాడి చూడమని చేతులు చాపుకుంటూ జనం మా అరుగు మీదికి వచ్చేవారు. మా నాయన పక్కనే నిలబడి వాళ్లను వరసలో కూర్చోబెట్టేవాడు.

రెండో ఏడు సెలవుల్లో వాడి పెట్టెలో పౌడరు డబ్బా నిండా ఏపీసీ మాత్రలు కనిపించాయి. తలనొప్పికి, ఒళ్లు నొప్పులకు అప్పట్లో అందరూ వాడేవే. డబ్బా నిండా ఎందుకని అడిగాను.

"హాస్టల్లో అందరూ మింగేదే అన్నా. పరీక్షలప్పుడు టీతో రెండేసుకుంటే తలనొప్పీ రాదు, నిద్రా రాదు. మందులు చదివేది నేను, నాకు తెలీదా?" అని నవ్వాడు.

తెలుసుననుకోవడమే వైద్యం చదివేవాళ్ల జబ్బు. అరుగు మీద ముసలాళ్లకు సగం మాత్ర చాలని చెప్పే వాడే, లోపలికొచ్చి మూడు మింగేవాడు. నేను గట్టిగా పట్టుబడితే డబ్బా నా చేతికిచ్చి, "అవ్వ మీద ఆన. మానేస్తా" అన్నాడు. ఆ అవ్వే మమ్మల్నిద్దరినీ పెంచింది. నమ్మాను. నాయనకు చెప్పలేదు.

చివరి ఏడాది వాడి మొహం ఉబ్బింది, కాళ్లు నీరు పట్టాయి. నాయన అడిగితే రాత్రుళ్లు చదువుతున్నాడులే అని నేనే సర్దిచెప్పాను. ఆసుపత్రిలో చేర్చాక, మూత్రపిండాలు చెడ్డాయనీ, ఏవైనా మాత్రలు వాడేవాడా అనీ పెద్ద డాక్టరు నన్ను అడిగాడు. ఎప్పుడో మానేశాడని ధీమాగా చెప్పాను. మంచం మీద ఓబులేసు వింటూనే ఉన్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తొమ్మిదో రోజున పోయాడు.

ఆ తర్వాత నాకు తలనొప్పి పట్టుకుంది. వాడు పోయాడన్న కోపమో ఏమో, నేనూ అవే మాత్రలు మొదలుపెట్టాను. నేత కార్మికుల సభ రాయడానికి ధర్మవరం వెళ్లిన రోజు మధ్యాహ్నం, మాత్రలు అయిపోయి ఆ షాపులో అడుగుపెట్టాను. అంతకు ముందు నేనెన్నడూ అక్కడికి పోలేదు. ఎవరికని కాంపౌండరు అడిగితే నా పేరు, ఊరు చెప్పాను. అప్పుడే ఆయన పై మాట అన్నాడు.

అని ఊరుకోలేదు. "మూడేండ్లుగా నీ తలనొప్పి మీదనే మా అంగడి నడస్తాండాది గదప్పా. నీ మొగం మాత్రం ఈ పొద్దే చూస్తి" అని నవ్వాడు.

అర్థం కాలేదన్నాను. ఓబులేసు కాలేజీకి పోతూ వస్తూ ధర్మవరంలో రైలు మారేవాడు. మారినప్పుడల్లా చీటీ రాసి మాత్రలు తీసుకునేవాడట. రోగి పేరు చోట నా పేరు. అన్నకు తీరని తలనొప్పి అని చెప్పేవాడట. షాపులో దాచిన పాత చీటీల తేదీలు చూస్తే, అవ్వ మీద ఆన వేసిన నెలలో కూడా తీసుకున్నాడు.

నారాయణప్ప ఆ రోజు చీటీ చూపించాడు. నా పేరు, దాని కింద ఇంగ్లీషులో ఒక్క వరస: ఇతనికి ఇక ఇవ్వవద్దు. వాడి చేతిరాతే. పట్టుకున్న నా బొటనవేలికి తడి సిరా అంటింది.

వాడు చనిపోయాడని చెప్పాను. నారాయణప్ప చీటీని మళ్లీ ఒకసారి చూసి, "నాతో మాట్లాడినాడప్పా. మా పాపకు జరం తగ్గిందా అని అడిగినాడు" అన్నాడు. ఆయన మొహంలో అబద్ధం కనిపించలేదు.

ఆ చీటీ అడిగి తీసుకుని, ఇంటికొచ్చి వాడి పాత ఉత్తరాలతో పోల్చాను. అక్షరం అక్షరం కలిసింది. ముందే రాసిపెట్టి ఎవరి చేతనైనా పంపాడనుకుందామంటే, తడి సిరాకు జవాబు లేదు. ఆ రోజు నుంచి మాత్ర ముట్టలేదు. అది వాడి చలవే అని ఎవరైనా అంటే నాకు సంతోషం కలగదు. వాడు నిజంగానే వచ్చి ఉంటే, చెప్పవలసిన మాట కాంపౌండరుకు చెప్పి పోయాడు. నా ఎదుటికి రాలేదు.

ఓబులేసు వచ్చి పోయి పావుగంట కూడా కాలేదన్నాడు నారాయణప్ప. షాపుకున్నది ఒకే గుమ్మం. దానికి ఎదురుగా టీ అంగడి బెంచీ మీద నేను అరగంట కూర్చున్నాకే లోపలికి వెళ్లాను. ఆ అరగంటలో ఎవరూ లోపలికి పోలేదు, బయటికి రాలేదు.