వీర్రాజు గారి మీసాల మీద మగ ఈగలు

మామిడి తోట బేరాన్ని ఒక్క ఉదయంలో నాశనం చేయడం సామాన్యమైన విద్య కాదు. దానికి జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ కావాలి. నాకుంది. ఎనభైల్లో ఒక వేసవిలో, నూజివీడు పక్కన మా మావయ్య తోటలో, ఆ పని ఎంత శాస్త్రీయంగా చేశానో చెబుతాను. అయితే రుజువైనదేదో వినికిడి ఏదో ముందు విడదీయకపోతే నాకు అన్నం సయించదు.

రుజువైనవి ఇవి. మామిడిపండులో పురుగు పడడానికి కారణం పండు ఈగ. కాయ తొక్కకు బెజ్జం పెట్టి గుడ్లు దించేది ఆడది. మగదానికి ఆ సాధనం లేదు. మిథైల్ యూజినాల్ అనే నూనె వాసన తగిలితే మగ ఈగలు ఒళ్ళు మరిచి వచ్చి వాలతాయి, దాన్ని నాకుతాయి. జంతువులు తమ జాతితో మాట్లాడుకోవడానికి విడిచే వాసనలను ఫెరోమోన్లంటారు. ఈ నూనె మొక్కల్లో పుట్టేది కనుక అచ్చమైన ఫెరోమోన్ కాదు. పెళ్ళికొడుకు అరువు తెచ్చుకున్న సిల్కు లాల్చీ వంటిది.

ఇక వినికిడి. ఆ నూనె నాకిన మగ ఈగలంటే ఆడ ఈగలు పడి చస్తాయని మా మాస్టారు చెప్పారు. అప్పటికది ఊహే, రుజువు తరవాత వచ్చింది. ఆ వాసనకు ఊరవతలి ఈగలు సైతం వస్తాయని కూడా అన్నారు. "ఆధారమేమిటి సార్?" అని అడిగాను. ఆయన విసుగుపడి ఒక చిన్న సీసా నా చేతిలో పెట్టి పంపించేశారు.

ఆ సీసాతో, తోటలోనే ఉన్న మావయ్య ఇంటికి వెళ్ళాను. మావయ్య పేరు సుందర్రావు. ఆ ఏడు గాలివానకు తోటలో సగం కాయ రాలిపోయింది. మిగిలిన చిన్న రసాలకు బేరానికి వస్తానన్న వ్యాపారి వీర్రాజు గారొక్కరే. ఆయన కాదంటే మరొకరు వచ్చేదాకా ఆగమని పక్వానికొచ్చిన కాయకు నచ్చజెప్పలేం. అందుకని మావయ్య రెండు రోజులుగా నిద్రపోకుండా గడ్డం గోక్కుంటున్నాడు.

"మావయ్యా, మన తోటలో ఈగ లేదని నువ్వు నోటితో చెబితే ఆయనెందుకు నమ్మాలి? డబ్బాలో ఈ నూనె పెట్టి చెట్టుకు కడదాం. ఈగలు రాకపోతే అదే సాక్ష్యం."

"వస్తే?"

"రావు."

"వస్తే ఏంటమ్మాయ్ అంటున్నా."

"అప్పుడు లెక్కపెడదాం."

మావయ్య ఇంట్లోకి తిరిగి, "చూశావా సువార్తా, ఆడపిల్లని చదివిస్తే ఈగల్ని లెక్కపెడుతుందంట!" అన్నాడు. సువార్త అత్తయ్య లోపలి నుంచి, "పోనీండి, మనుషుల్ని లెక్కపెట్టకుండా ఉంటే చాలు" అంది.

పాలపొడి డబ్బాకు బెజ్జాలు పొడిచి, లోపల దూది వేలాడదీసి, సీసా బిరడాను పళ్ళతో లాగాను. అలా లాగకూడదని ప్రయోగశాలలో మొదటి రోజే చెప్పారు. నూనె కొంత అరచేతిలోకీ తక్కినదంతా మంచం పట్టె మీదికీ పోయింది. చేతికందిన గుడ్డతో తుడిచేశాను. తీరా చూస్తే అది బేరం కోసమని అత్తయ్య గంజిపెట్టి ఇస్త్రీ చేసి ఉంచిన మావయ్య కండువా. నూనెకు రంగు లేదు. రంగు లేకపోతే మరక లేదు. మరక లేకపోతే నష్టం లేదు. ఇంతటి పకడ్బందీ తర్కంతో దాన్ని మడతపెట్టి యథాస్థానంలో ఉంచి, సబ్బుతో చేతులు కడుక్కున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ కండువా అంత ముఖ్యం కావడానికి కారణముంది. మావయ్య కాలం వాళ్ళు ధర నోటితో చెప్పుకోరు. కొనేవారూ అమ్మేవారూ కండువా కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి బేరమాడతారు. చుట్టూ నిలబడ్డ వాళ్ళకు కనబడేది మొహాలే.

వీర్రాజు గారు వచ్చారు. ఆయనకన్నా ముందు ఆయన మీసాలు వచ్చాయి. చెట్టు కింద ఇద్దరూ కూర్చుని కండువా కప్పుకుని చేతులు కలిపారు. మావయ్య మొహం మొదట ముడుచుకుంది, తరవాత సాగింది, చివరికి పూరీలా పొంగింది. బేరం కుదిరిందని నాకూ అర్థమైంది. ఉక్కకు వీర్రాజు గారు అదే కండువా అందుకుని మెడా, మొహమూ, ఆపైన తీరిగ్గా మీసాలూ తుడుచుకున్నారు.

"లవంగం వాసనేస్తుందేంటండీ! దర్జాయే!"

మొదటి ఈగ కుడి మీసం కొస మీద కూర్చుంది. ఆయన ఉఫ్ఫని ఊదారు. అది మర్యాదగా ఎడమ మీసానికి మారింది. ఆ తరవాత వచ్చినవాటికి మర్యాద లేదు. నూజివీడు బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్ళు విసిరే జనంలా, దొరికిన చోటల్లా ఆక్రమించాయి.

"సుందర్రావు గారూ, ఇది తోటా, ఈగల సత్రమా?"

"ప్రభువా!" అంది గుమ్మంలోంచి అత్తయ్య.

ఇక్కడ నేను నోరు మూసుకోవలసింది. పాఠకులు నన్ను ఆపగలిగిన దూరంలో లేరు.

"భయపడకండీ, అవన్నీ మగవే!"

"ఏంటమ్మా?"

"మీ మీదున్నవన్నీ మగ ఈగలండీ. మగవి గుడ్లు పెట్టవు. కాయకేం కాదు."

"పెళ్ళి కావలసిన పిల్లవి, ఆ మాటలేంటే ప్రమీలా!" అని అత్తయ్య నన్ను కసిరింది.

వీర్రాజు గారు ముక్కు మీది ఈగను తోలుకుంటూ అన్నారు: "నా పెళ్ళికి కూడా ఇంతమంది మగోళ్ళు రాలేదమ్మా. ఇన్ని మగవి బయట తిరుగుతున్నాయంటే ఆడవి లోపల కాపురం పెట్టినట్టే గదా?"

"కాయ కోసి చూడండి!"

"మీసం మీదే కనబడుతుంటే కాయెందుకు కొయ్యటం?" అని ఆయన మోటారు సైకిలెక్కి వెళ్ళిపోయారు. ఈగల్లో కొన్ని ఆయనను సాగనంపడానికి వెంట వెళ్ళాయి.

మావయ్య కండువా ఎత్తి వాసన చూశాడు. తరవాత నన్ను చూశాడు. అంతా చెప్పేశాను.

"అయితే ఆ మీసాలకి కూడా అంటిందా?"

"అంటింది మావయ్యా."

"ఇప్పుడా మనిషి ఎటెళ్ళాడు?"

పక్క తోటలోంచి అప్పుడే కేకలు మొదలయ్యాయి.

మధ్యాహ్నానికి వీర్రాజు గారు మొహానికి తువ్వాలు చుట్టుకుని తిరిగి వచ్చారు. వెళ్ళిన ప్రతి తోటలోనూ ఆయన అడుగుపెట్టగానే ఈగలు మూగాయట. మొదటి తోటలో ఆయన తోటను తిట్టారు. తరవాతి తోటలో తోటవాళ్ళే ఆయనను తిట్టారు. ఆ పై తోటకు కబురు ముందే వెళ్ళింది. అక్కడ కర్ర పట్టుకుని గేటు దగ్గరే నిలబడ్డారు.

"ఈ చుట్టుపక్కల నన్ను రానిచ్చేది మీ తోటేనండీ" అన్నారాయన దీనంగా.

బోరింగు దగ్గర కూర్చోబెట్టి కుంకుడు రసంతో మీసాలు రుద్దుకోమని చెప్పి, నేరం ఒప్పుకున్నాను. ఆయన రుద్దుకుంటుంటే, కోపం మళ్ళించడానికి మాస్టారి వినికిడి కూడా వినిపించాను: నాకిన మగవి, పడి చచ్చే ఆడవి, అంతా. రుజువు లేని మాట నోట పలకడం నా జీవితంలో అదే మొదలు. ఆయన రుద్దడం ఆపి శ్రద్ధగా విన్నారు.

మీసాలు ఆరాక ఈగలు రాలేదు. కాయలు కోసి చూశారు, పురుగు లేదు. "కోసినవాటిలో లేదు, కోయనివాటి గురించి ఏమీ చెప్ప..." అని నేను మొదలుపెట్టేలోగా అత్తయ్య నా నోట్లో మామిడి చెక్క కుక్కింది.

మావయ్య కొత్త తువ్వాలు తెచ్చాడు. వీర్రాజు గారు రెండడుగులు వెనక్కి వేశారు. "వద్దండీ, ఇవాళ నోటితోనే చెబుతా." పొద్దున వేళ్ళతో చెప్పిన ధరే చెప్పారు.

ఇకమీదట మడతపెట్టిన ఏ గుడ్డతోనూ దేనినీ తుడవనని, తుడిచినా దాన్ని మీసాలున్న ఏ ప్రాణికీ అందనివ్వనని నా ఎమ్మెస్సీ పట్టా మీద చెయ్యివేసి ప్రమాణం చేశాను. ఇప్పటికీ తప్పలేదు.

తేలని సంగతి ఒక్కటే. మరుసటి వేసవిలో వీర్రాజు గారు నన్ను చాటుకు పిలిచి, గొంతు తగ్గించి, "అమ్మా, ఆ నూనె ఇంకో సీసా దొరుకుద్దా?" అని అడిగారు. పరుల తోటల్లో ఈగలు రప్పించి ధర విరగ్గొట్టడానికా, లేక ఇంటికి తీసుకెళ్ళడానికా? మనుషుల మీద అది పనిచేస్తుందనడానికి నాకు తెలిసి ఆధారం లేదు. పనిచేయదని తేల్చాలంటే వీర్రాజు గారి భార్యను విచారించాలి. నేనింకా పెళ్ళి కావలసిన పిల్లనే కనుక, ఆ చాటు వెనకే అత్తయ్య ఉంది కనుక, అడగలేదు.