జర్మన్ పెళ్ళికూతురికి నా గొంతు

కుప్పం కోర్టులో వాదనకు లేచే ముందు రెండు మిరియాలు, ఒక కలకండ పలుకు నోట్లో వేసుకోవడం నాకు అలవాటు. ఆ ఘాటు గొంతులోకి దిగగానే, ఈ అలవాటు నేర్పిన సరళ మేడం గుర్తొస్తారు. మదనపల్లె కాలేజీలో మాకు చరిత్ర చెప్పిన మేడం, తొంభైలలో ఒక పాత జర్మన్ హాస్యచిత్రాన్ని ప్రొజెక్టరుతో సహా బస్సుల్లో ఊరూరా తిప్పేవారు. యుద్ధంలో కూలిన ఊళ్ళో ఒక పెళ్ళి సన్నాహాల కథ అది. ఆ భాష ఎవరికీ రాదు కాబట్టి, తెర పక్కన నిలబడి మేడం, నేను తెలుగులో మాటలు చెప్పేవాళ్ళం. పెళ్ళికూతురి మాటలు నావి. మిగతా గొంతులన్నీ మేడంవే. పెళ్ళికొడుకు తాతలా ఆమె దగ్గితే జనం పడీపడీ నవ్వేవాళ్ళు.

నేను మూడో ఏడాదిలో ఉండగా నాకు పలమనేరు సంబంధం కుదిరింది. తాంబూలాలు కూడా మార్చుకున్నారు. డిగ్రీ ఆఖరి పరీక్షలకు ముందే ముహూర్తం. పరీక్షలు రాశాకే పెళ్ళని చెప్పాలని ఎంత ఉన్నా, నాన్న ముందు నోరు పెగిలేది కాదు. మా ఊరు పుంగనూరులో ఆట వేసిన రోజు నాన్న వియ్యాలవారిని కూడా పిలిచారు. కాబోయే అత్తగారు ముందు వరుసలో కూర్చున్నారు.

తెర మీద జంట ఉంగరాలు మార్చుకోగానే ఒకావిడ లేచింది. "ఉంగరం తొడిగినాడు కదమ్మా, పెండ్లి అయిపోయినట్టే. ఇంకేముండాది సూసేదానికి?"

"తాళి పడలేదక్కా. ఇంకా టైముండాది, కూర్చో," అన్నారు మేడం. హాలంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ మాట నాకే చెప్పినట్టనిపించింది.

తర్వాత కథలో, పెళ్ళికూతురు నడిపే రొట్టెల అంగడి మూసేయమంటుంది పెళ్ళికొడుకు తల్లి. నా వంతు వచ్చింది. ముందు వరుస చూసి నా గొంతు పీలగా అయిపోయింది. మేడం ప్రొజెక్టరు ఆపించారు. "వెనకోళ్ళకు వినపళ్ళేదు. మళ్ళీ చెప్పు."

"పెండ్లి చేసుకుంటాను. అంగడి మాత్రం మూయను!" అన్నాను. ఈలలు పడ్డాయి.

ఆట అయ్యాక అత్తగారు దగ్గరికి వచ్చారు. "బాగా చెప్పినావమ్మా. ఆ బిడ్డకు మాత్రం పొగరెక్కువ."

"పొగరు కాదత్తా. నేనూ పరీక్షలు రాసినాకే పెండ్లి చేసుకుంటా."

"ఏమంటివి?" అన్నారు అత్తగారు.

పక్కనే ఉన్న నాన్న మొహం మాడిపోయింది. నేను మేడం వైపు చూశాను. ఆమె ప్రొజెక్టరు తీగ చుట్టుకుంటూ తలే ఎత్తలేదు. ఒళ్ళు మండింది. అదే మాట ఇంకాస్త గట్టిగా చెప్పాను.

అత్తగారు నాన్న వైపు తిరిగారు. "పరీక్షలుండాయని మాకు చెప్పనే లేదే అన్నా! ముహూర్తం పరీక్షలైనాక పెట్టుకుంటే పోలా?"

తిరుగు బస్సులో మేడం ఆ సంగతే ఎత్తలేదు. "రేపు కుప్పంలో ఆట. గొంతు జాగ్రత్త," అన్నారంతే.

మేడం ఇప్పుడు లేరు. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళు, ఎదురుగా మొగుడో మామో కూర్చుంటే, "మీరే చెప్పండమ్మా," అంటూ నా వెనక్కి జరుగుతారు. కోర్టులో వాళ్ళ తరఫున ఎంతసేపైనా మాట్లాడతాను. నా గదిలో మాత్రం ఏదో కాగితం ముందేసుకుని, వచ్చినామె తనే నోరు విప్పేదాకా తలెత్తను.