నాలుక పరమేశ్ దిద్దుబాటు

బహ్రెయిన్‌లో కూలీలుండే నువైద్రాత్ క్యాంపుకు నీళ్ల ట్యాంకరు వస్తే ముందుగా ఎవరూ బకెట్ పట్టరు. పరమేశ్ ఒక గుక్క నోట్లో పోసుకోవాలి. రెండు బుగ్గలూ ఆడించి, మింగి, "తాగొచ్చు" అన్నాకే నలభై మందీ కదులుతారు. "ఇయ్యాల ఉప్పున్నయి, తానాలకే" అన్నాడంటే ఇక దానికి అప్పీలు లేదు. జగిత్యాల పక్కన అతని ఊళ్లోనూ ఇదే వరస. బోరు పడితే తొలి నీళ్లు అతని దోసిట్లోనే పోసేవాళ్లు. నాలుక పరమేశ్ అన్న పేరు అలా సముద్రం దాటి కూడా వెంట వచ్చింది.

డ్యూటీ హిద్ అనే ఊళ్లో, డబ్బానీళ్లు నింపే చిన్న కంపెనీలో. ఫిల్టర్లు కడగాలి, డబ్బాలు నింపాలి. పదో తరగతి తప్పినా చదివే పిచ్చి మాత్రం తప్పలేదు. 2008లో ఒక శుక్రవారం నెట్ సెంటరులో, నీళ్ల మీద తెలుగులో రాసే సైన్సు బ్లాగు అతని కంటబడింది. నడిపేది సూర్యావతి గారని ఒక రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్. ఉప్పునీళ్లు మంచినీళ్లయ్యే తీరును పరమేశ్ నాలుగు ముక్కల్లో వ్యాఖ్యగా రాస్తే, ఆవిడ ముచ్చటపడి అతిథిగా టపాలు రాయమన్నారు.

మూడు రాశాడు. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే వెతికి కొడుతుంటే తెరమీద తెలుగు పడేది. వెనకటి రోజుల్లో ముత్యాల కోసం మునిగేవాళ్లు సముద్రం అడుగున ఊటలు వెతికి, తోలుసంచుల్లో తియ్యనీళ్లు పట్టుకొచ్చేవారని రాసిన టపాను జనం తెగ మెచ్చుకున్నారు. కింద "పరమేశ్, మంచినీటి ప్లాంటు, బహ్రెయిన్" అని ఉండేసరికి అందరూ ఇంజినీరే అనుకున్నారు. పరమేశ్ గారూ అని సంబోధించారు. పొద్దస్తమానం అరబ్బీలో యల్లా యల్లా అని తోలించుకునే మనిషి! పెళ్లి పత్రికలో కూడా అతను వట్టి చిరంజీవే. ఆ గారు అతన్ని మునగచెట్టు ఎక్కించింది. కాదని చెప్పడానికి నోరు రాలేదు.

అప్పుడే ప్రకాశం జిల్లా నుంచి మంగరాజు అనే బడి మాస్టారు అడిగాడు: "పరమేశ్ గారూ, మా బడిలో కొత్త బోరు వేశారు. నీళ్లు తేటగా ఉన్నాయి, ఉప్పు లేదు. పిల్లలకు తాగడానికి ఇవ్వొచ్చా?" సూర్యావతి గారు ఊళ్లో లేరు. పరమేశ్ రెండో ఆలోచన లేకుండా, రంగూ వాసనా ఉప్పూ లేకపోతే నిశ్చింతగా తాగొచ్చని జవాబిచ్చాడు. సోమవారం నుంచి పిల్లలకు కుళాయి విప్పుతామని మాస్టారు ధన్యవాదాలు చెప్పాడు.

శనివారం కంపెనీ ల్యాబులో ఈ సంగతి గొప్పగా చెప్పుకున్నాడు. అక్కడి మలయాళీ కెమిస్టు నవ్వకుండా ఒక కాగితం ముందుకు తోశాడు. నీళ్లలో వెతికేవి పన్నెండు పేర్లు. "ఇందులో నీ నాలుకకు ఎన్ని దొరుకుతాయి భాయ్?" అని హిందీలో అడిగాడు. పరమేశ్ వేలు ఉప్పు దగ్గరే ఆగిపోయింది. కింద ఫ్లోరైడ్ ఉంది. పళ్లు గారపట్టి, ఎముకలు వంకరపోయేంత ఉన్నా దానికి రుచి ఉండదట.

పరమేశ్‌కు బడి పిల్లలు గుర్తొచ్చారు. మధ్యాహ్నం తిండి వేళ, తప్పు దిద్దుతానని, తానెవరో కూడా రాస్తానని అన్నాడు.

"తప్పైందని రాయి, అయిపాయె. గంతదానికి నువ్వు ఫిల్టర్లు కడుగుతవని చెప్పుడెందుకు?" అన్నాడు కంపెనీ వ్యాను నడిపే జావేద్. అతనిదీ జగిత్యాలే. "ఇంజినీర్నని నువ్వు చెప్పలే గదన్నా. ఆళ్లే అనుకున్నరు. చుప్ ఉండు."

"అనుకుంటుంటే ఊకున్న గద జావేద్. అదీ చెప్పినట్టే. ఇంజినీరని నమ్మే గదా ఆ సారు కుళాయి ఇప్పుతున్నది."

సాయంత్రం డ్యూటీ దిగగానే జావేద్ గొణుగుతూనే నెట్ సెంటరు దగ్గర దింపాడు. పరమేశ్ తన జవాబు కిందనే రాశాడు: "మాస్టారూ, నేను ఇంజినీరును కాను. ఫిల్టర్లు కడిగే పనివాణ్ణి. నాలుకతో చూసి చెప్పడం నాకు అలవాటు. నా నాలుకకు ఉప్పే తెలుస్తుంది, ఫ్లోరైడ్ తెలియదు. కుళాయి విప్పకండి. నీళ్లు పరీక్షకు పంపండి. మిమ్మల్ని ఇన్నాళ్లూ మోసపోనిచ్చినందుకు క్షమించండి." పంపాక తేలు కుట్టిన దొంగలా అక్కడి నుంచి జారుకున్నాడు. రెండు శుక్రవారాలు ఆ వీధికే వెళ్లలేదు.

మూడో శుక్రవారం జావేదే చెయ్యి పట్టి లాక్కుపోయాడు. బ్లాగు తెరుచుకుంది. పరమేశ్ మొదట తన పేరు కోసం వెతికాడు.

"పరమేశ్ గారూ, మీ మాట చదివి ఆదివారమే కుళాయికి తాళం వేశాం. పరీక్షలో ఫ్లోరైడ్ ఉండాల్సినదానికి రెండింతలు తేలింది. ఇప్పుడు పిల్లలకు వేరేచోటి నుంచి నీళ్లు తెస్తున్నాం. నాలుకకు తెలియనివి ఏమేమిటో మా పిల్లల కోసం ఒక టపా రాస్తారా, పరమేశ్ గారూ?"

అతను ఆ మొదటి రెండు మాటలనే మళ్లీ మళ్లీ చదువుకున్నాడు. కళ్లు చెమర్చాయి.

"ఏం రాసిండ్రన్నా?" అన్నాడు తెలుగు చదవడం రాని జావేద్.

"కుళాయి ఇప్పలేదంట," అన్నాడు పరమేశ్. గారూ సంగతి తనకే దాచుకుని, కొత్త టపాకు మొదటి అక్షరం వెతకసాగాడు.