మా బాపమ్మ పళ్లు

రజాకార్ల భయం పోయిన కొత్తలో మా వాడకు ఏమీ తోచలేదు. భయం అలవాటైన మనుషులకు ఉన్నట్టుండి భయం లేకుండా చేస్తే ఎట్లా? కొత్తది ఒకటి వెతుక్కున్నారు. అది మా ఇంటి అరుగు మీదే దొరికింది. మా బాపును కన్నతల్లి, మా బాపమ్మ!

కరీంనగర్ జిల్లాలో నేతగాళ్ల వాడ మాది. పొద్దుగూకే వేళ బాపమ్మ అరుగు మీద రాట్నం పెట్టుకుని మగ్గానికి నూలు కండెలు చుట్టేది. ఆ రాట్నం కిర్రుమంటే గోదావరి అవతల ఆదిలాబాద్ అడవిలో పులులు ఉలిక్కిపడి లేచేవి. కందిలి వెలుగులో ఆమె నీడ గోడెక్కి, కప్పెక్కి, ఎదురింటి గడప దాకా పాకేది. పైగా కొంగు చాటున ఒకటే గొణుగుడు: "హుఫ్... ఫూ... భుఫ్ఫా..." విన్నవాళ్ల వెంట్రుకలు నిలబడితే పడుకోబెట్టడానికి సేరు నూనె పట్టేది.

పక్కన కూర్చుని నూలు అందించేదాన్ని గనక వాడ మంత్రమనుకునే ఆ గొణుగుడు ఏమిటో నాకొక్కదానికే తెలుసు. వేములవాడ జాతరకు తోలుకపోతానని మాటిచ్చి, తోలుకపోకుండానే చచ్చిపోయిన మా తాతను రోజూ తిట్టేది. అంతే.

ఎదురింటి పెద్దమనిషి మగ్గం మీద మాత్రం తెల్లారేసరికి పోగులు తెగి ఉండేవి. నూలుకు పెట్టిన గంజి రుచి మరిగిన ఎలుకల పని అది. ఎలుకలను పంచాయితీకి పిలిచేదెట్లా? బాపమ్మ మీద పడ్డాడు. మంత్రగత్తెకు పళ్లు పీకితే మంత్రం పలకదని ఆ రోజుల్లో ఒక నమ్మకం. ఒకనాటి సాయంత్రం కమ్మరిని వెంటబెట్టుకుని వచ్చాడు. కమ్మరి చేతిలో పట్కారు చూశాను. ఏనుగు దంతం కూడా దానికి పుల్లతో సమానం. వాళ్ల వెనక వాడంతా ఉంది.

"పెద్దవ్వా, నీ మీద మాకు పగ లేదు," అన్నాడు పెద్దమనిషి. "పండ్లు పీకిచ్చుకుంటె వాడల ఉండు. లేకుంటె ఊరు దాటు."

బాపు మగ్గం గుంటలోంచి లేచి వచ్చి అడ్డంగా నిలబడ్డాడు. "మా అవ్వను ముట్టుకుంటే మంచిగుండది కాకా!"

బాపమ్మ రాట్నం ఆపింది. బాపును పక్కకు జరగమని సైగ చేసింది. మగవాళ్ల ముందు నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం మా ఆడవాళ్ల మర్యాద. వాడలో ఏ మగవాడూ ఆమె నోరు చూసి ఎరగడు. ఆ రోజు కొంగు తీసేసింది. కందిలి ఎత్తి ముఖం దగ్గర పెట్టుకుని నోరు తెరిచింది.

అది నోరు కాదు, బెల్లంపల్లి బొగ్గుబాయి. అంత నలుపు, అంత లోతు, అంత ఖాళీ! కమ్మరి అటు వంగాడు, ఇటు వంగాడు.

"కాకా, ఈడ పీకనీకె ఏం లేదే!"

"సక్కగ సూడురా, ఎనుక దవడకుంటయి."

"ఎనుక లేవు, ముందట లేవు. చిగుళ్లు పీకుమంటవా?"

అప్పుడు బాపమ్మ "ఫూ... భుఫ్" అని ఏదో అంది. జనం రెండడుగులు వెనక్కి వేశారు. నేను అరుగెక్కి, పెద్దమనిషి వైపు వేలు చూపి, వాడంతా వినేలా అరిచి చెప్పాను: "పండ్లు లేకుంటె మంత్రం పలకదంటిరి. నాకు లేవు. మరి ఉన్నోళ్లే కదా మంత్రగాళ్లు! అందరు నోర్లు తెరువుండ్రి. నీతోటే సురువు చేద్దాం కొడుకా, అని అంటున్నది మా బాపమ్మ!"

అందులో సగం ఆమెది, సగం నాది. ఏ సగం ఎవరిదో ఇప్పటికీ చెప్పను.

కమ్మరి పట్కారును పెద్దమనిషి వైపు తిప్పాడు. "ఒట్టిగ ఎట్ల పోవాలె కాకా? జర నీవి సూద్దామా?"

పెద్దమనిషి దవడలు తాళం పడ్డట్టు మూతబడ్డాయి. వాడంతా నోళ్లు మూసుకుని ముక్కులతోనే నవ్వింది.

మర్నాడు పొద్దుగూకేసరికి బాపమ్మ అదే అరుగు మీద ఉంది, కొంగు అడ్డం లేకుండా. తాతకు తిట్లు తగ్గి ఎదురింటికి పెరిగాయి. పెద్దమనిషి మాత్రం మా అరుగు దాటేటప్పుడల్లా నోటికి కండువా అడ్డం పెట్టుకునేవాడు. చప్పుడు కాకుండా ఒక పిల్లిని కూడా తెచ్చుకున్నాడు.

ఇప్పుడు నా నాలుక పదును చూసి నన్నూ మంత్రగత్తె అంటున్నారు. అననీ. బాపమ్మకు లేనివి నాకు ఉన్నాయి, అన్నీ గట్టివే. పట్కారు పట్టుకుని ఎవరొస్తారో రండి. కొరుకుతాను.