కుడివైపు నొప్పి

మా అత్తగారింట్లో కడుపునొప్పికి ఒకటే మందు, ఆముదం. మిరపకోతల రోజుల్లో పెనుగంచిప్రోలులో ఎవరు కడుపు పట్టుకున్నా వేడి చేసిందని తేల్చేస్తారు. గోరువెచ్చటి ఆముదం తాగించి, కడుపంతా కడిగేసేదాకా ఊరుకోరు. నేనేమో నందిగామలో ఇంటర్ పిల్లలకు జీర్ణవ్యవస్థ చెప్పేదాన్ని. ఆ పాఠం నాకు కొట్టినపిండి.

ఆ రోజు పొద్దున్నే మా ఆయన కల్లంలో కాయలు ఎండబోస్తూ, బొడ్డు చుట్టూ నొప్పి అన్నారు. కాఫీ కూడా వద్దన్నారు. వాంతి అయింది. మధ్యాహ్నానికి ఆ నొప్పి కుడివైపు కిందికి దిగి కూర్చుంది. అత్తయ్య అప్పటికే ఆముదం గిన్నె పొయ్యి మీద పెట్టేసింది.

నేను ఆయన్ని పడుకోబెట్టి, నొప్పి ఉన్నచోట మెల్లగా నొక్కి టక్కున చెయ్యి తీశాను. నొక్కినప్పుడు ఓర్చుకున్న మనిషి తీసేసరికి కెవ్వుమన్నారు. ఇక నాకు అనుమానం లేదు. పెద్దపేగు మొదట్లో చిటికెన వేలంత తోక వేలాడుతుంటుంది, అదే అపెండిక్స్. అది వాస్తే నొప్పి ముందు బొడ్డు దగ్గరే తెలుస్తుంది. వాపు కడుపు లోపలి పొరకు తగిలాకే అసలు చోటు బయటపడుతుంది. అలాంటప్పుడు ఆముదం పడితే పేగులు ఒకటే బిగుసుకుంటాయి, వాచిన తోక పగలొచ్చు. పగిలితే ప్రాణం మీదికొస్తుంది.

"చుక్క కూడా పొయ్యొద్దండి అత్తయ్యా."

"నీ పాఠాలు కాలేజీలో చెప్పుకో అమ్మా. వాణ్ణి కన్నది నేను."

"కన్నది మీరే. దక్కించుకునేది నేను" అని గిన్నె దించేశాను. పొగరుగానే అన్నాను. మళ్లీ ఆ పరిస్థితి వస్తే మళ్లీ అంతే.

ఆటో మాట్లాడుకుని జగ్గయ్యపేట వెళ్లాం. స్కానింగ్ చూసి డాక్టరు వెంటనే ఆపరేషన్ అన్నారు. అయ్యాక, తీసిన ముక్కను ట్రేలో తెచ్చి మాకు చూపించారు. నల్లగా కమిలి, చీము పట్టి ఉంది. ఇంకాస్త ఆలస్యమైతే పగిలేదట. మనిషికి మాత్రం ఇక భయం లేదన్నారు. నాకు ఏడుపూ గర్వమూ ఒకేసారి పొంగుకొచ్చాయి.

అత్తయ్య ఆ ట్రే వంక చూస్తూ ఉండిపోయింది. అది లోపలికి తీసుకెళ్లాక నా చెయ్యి పట్టుకుంది.

"మీ మామయ్యక్కూడా ఇట్టాగే కుడివైపే వచ్చింది. నేనే పోశా ఆముదం. తగ్గలేదని మళ్లీ పోశా. రెండ్రోజులకి పోయారు. ఆయనకీ ఇదేనా అమ్మా?"

మామయ్య నా పెళ్లికి ముందే పోయారు. ఆయన్ని నేను చూడలేదు. కానీ ఆవిడ అడిగినదానికి జవాబు నాకు తెలుసు.

"కాదండి అత్తయ్యా. ఇది వేరు. ఆయనది గుండెపోటు అయ్యుంటుంది" అన్నాను, క్లాసులో చెప్పే గొంతుతోనే, ఎక్కడా తడబడకుండా.

నా మాట మీద ఆవిడకు ఆ పూటే గురి కుదిరింది. నమ్మింది.