గ్లాసు మీద రెండో పేరు

తాయెత్తు కట్టించుకోమని డబ్బు అడిగినవాళ్లను నేను గుమ్మం ఎక్కనిచ్చింది లేదు. దెయ్యాలూ గాలులూ పనిలేనివాళ్ల మాటలని ఇప్పటికీ అంటాను. మూడో తరగతితో బడి మానినదాన్ని, చూసింది చూసినట్టే రాస్తున్నాను.

మాది బోగోలు దగ్గర సముద్రపు ఒడ్డు. మా ఆయన చేపల వేటకు పోయేవాడు. ఇంట్లోకి కొత్త మనిషి వస్తే, పెళ్లయినా పురుడైనా, వాళ్ల పేరు స్టీలు గ్లాసు మీద మేకుతో చుక్కలు చుక్కలుగా తనే కొట్టేవాడు. కింద ఒక చేప. ఆ చేప తోక ఒక పక్కే ఉండేది. రెండో పక్క కొట్టే ఓపిక లేదనేవాడు.

వేటకు పోతే నా పేరున్న గ్లాసే తీసుకెళ్లేవాడు. ఒక తుఫానులో పడవా, మనిషీ, గ్లాసూ ఏదీ తిరిగి రాలేదు. శవం దొరకలేదు గనక నేను కర్మ చేయనివ్వలేదు, బొట్టు తీయలేదు. ఇరవై ఐదేళ్లయింది.

ఇప్పుడు నెల్లూరులో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. వాడి కూతురు పావని రాత్రిపూట ఊళ్లో ఎవరూ పట్టించుకోని చోట్లకు పోయి ఫోన్లో వీడియోలు తీస్తుంది. ఆడపిల్ల ఒంటరిగా పోకూడదని ఈ వేసవిలో ఒక రాత్రి నేనే వెంట పోయాను.

మూతపడ్డ రైస్‌మిల్లులో కుర్రకారు గిటార్లు పెట్టుకుని పాడుతున్నారు. ఒక సందులో వీధిలైటు కింద ముసలివాళ్లు క్యారమ్స్ ఆడుతున్నారు. బండి మీద కారం దోసె రేటు విని నేను తినలేదు. చివరికి పెన్న ఒడ్డున ఒక టీ బండి దగ్గర ఆగాము.

కాగితం కప్పులో నేను తాగను. ఆ మాటకు బండి ఆమె నవ్వింది.

"ఉండు పెద్దమ్మా, ఎవురో గ్లాసు మర్సిపోయినట్టుండారు. కడిగి దాంట్లో పోస్తా."

టీ సగం తాగాక వేలికి చుక్కలు తగిలాయి. లైటుకు ఎత్తి చూశాను. రమణమ్మ. నా పేరు. కింద ఒంటి తోక చేప.

దాని కింద ఇంకో పేరు ఉంది. పావని. దాని కిందా అదే చేప.

పావని పుట్టింది ఆయన పోయిన ఐదేళ్లకు. ఆ పేరు పెట్టింది నేను.

"ఇది ఎవురిచ్చినారు మే?" అని మాత్రం అడగగలిగాను.

"తెలీదు పెద్దమ్మా. సాయంత్రం బండి కడిగినప్పుడు లేదు. నా దెగ్గిర స్టీలు గ్లాసులే లేవు."

పావని నా చెయ్యి పట్టుకుంది. "అవ్వా, తాత బతికే ఉండాడేమో."

గ్లాసు ఇంటికి తెచ్చాక అబ్బాయి అది చూసి, ఇప్పుడైనా కర్మ చేద్దామన్నాడు. పావని ఒప్పుకోలేదు. నెల రోజులు ఆ ఒడ్డున ఉన్న ప్రతి టీ బండి దగ్గరా ఆయన ఫొటో చూపించి వచ్చింది. చూశామన్నవాళ్లు ఒక్కరూ లేరు.

గ్లాసు ఒడ్డుకు కొట్టుకొచ్చి పాత సామాను బండికి చేరిందనుకుంటే, నా పేరు వరకు సరిపోతుంది. రెండో పేరు దగ్గర నా తెలివి ఆగిపోతుంది.

మా ఇంట్లో పేరు కొట్టిన గ్లాసు ఆ పేరు మనిషికి ఇచ్చేయాలి. పావని అడుగుతూనే ఉంది. బతికినవాడు కొట్టాడో, చచ్చినవాడు కొట్టాడో తెలియకుండా పిల్ల చేతికి ఎలా ఇవ్వను? బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను. పొద్దున్నే బొట్టు పెట్టుకోబోతే మాత్రం, ఇరవై ఐదేళ్లలో లేనిది, ఇప్పుడు చెయ్యి ఆగుతోంది.